బోల్టుల హోల్‌సేల్‌కి ఆన్‌లైన్ ఆర్డర్లు: పార్టీకో రేటు ఉంటే ఏ ప్లాట్‌ఫామ్ తీసుకోవాలి?

ఆటోనగర్_బోల్ట్స్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాది నట్లు, బోల్టుల హోల్‌సేల్ షాపు. నాన్న 1988లో పెట్టారు. నాలుగేళ్ల క్రితం ఆయనకి పక్షవాతం వచ్చాక షాపులో నేను కూర్చుంటున్నాను. లెక్కలు బాబాయ్ చూస్తారు, ట్యాలీ అనే పద్దుల సాఫ్ట్‌వేర్‌లో. గోడౌన్‌లో ముగ్గురు కుర్రాళ్లు ఉన్నారు. పార్టీలు, అంటే మా దగ్గర కొనేవాళ్లు, 260 దాకా ఉంటారు. ఇక్కడి లారీ బాడీ బిల్డింగ్ షెడ్లు, గుడివాడ, నూజివీడు, తిరువూరు వైపు హార్డ్‌వేర్ షాపులు, కైకలూరు, భీమవరం చెరువుల మీద ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) బిగించేవాళ్లు, అటు కోదాడ, ఖమ్మం షాపులు. దారిన పోయేవాళ్లకి ఒకటీ రెండూ బోల్టులు అమ్మడం మా పని కాదు, మొదలుపెట్టే ఉద్దేశం కూడా లేదు.

నాకు కావలసింది ఒక్కటే. ఈ 260 మందీ రాత్రి షట్టర్ దించాక ఫోన్‌లో వాళ్ల రేటు వాళ్లు చూసుకుని ఆర్డర్ పెట్టుకోవాలి. ఇప్పుడంతా వాట్సాప్‌లోనే. వాయిస్ మెసేజ్‌లు, సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిన లిస్టు ఫోటోలు. పొద్దున ఎనిమిదింటికి షాపు తెరిచేసరికి నలభై మెసేజ్‌లు ఉంటాయి. అవి విని రాసుకునేసరికే పదిన్నర అవుతుంది. "మొన్న పంపిందే మళ్లీ పంపమ్మా" అని ఒకాయన పెడతారు. ఆ మొన్న ఏదో బిల్లుల్లో వెతకాలి.

నిరుడు తగిలిన దెబ్బ కూడా చెప్పాలి. వెబ్‌సైట్లు చేసే ఒక సంస్థకి 85 వేలు ఇచ్చి సైటు చేయించాను. చూడ్డానికి బాగానే ఉంది. కానీ అది చెప్పుల షాపుకో చీరల షాపుకో చేసే సైటు. వస్తువుకి ఒకటే రేటు, అది ఊరందరికీ కనబడుతుంది. పార్టీలవారీ రేట్లు తర్వాత పెడతామన్నారు. ఈలోగా ఖాళీగా ఎందుకని ఆటోనగర్ షెడ్లకి ఇచ్చే రేట్లు ఎక్కించాం. పదో రోజున గుడివాడ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. షాపు పెట్టిన కొత్తలో నుంచీ మా దగ్గరే కొంటున్న మనిషి. "అమ్మా, ఎం12 బై 50 నాకు కిలో 118 వేస్తున్నారు. ఇందులో 112 ఉంది. ఇన్నేళ్లూ నా దగ్గర ఆరేసి రూపాయలు ఎక్కువ తీసుకున్నారా?" అన్నారు. (ఎం12 బై 50 అంటే 12 మిల్లీమీటర్ల మందం, 50 మిల్లీమీటర్ల పొడవు ఉన్న బోల్టు.) కోపంగా అడగలేదు. బాధపడుతూ అడిగారు. ఆయనకి మేం 60 రోజులు అరువిస్తాం, సరుకు లారీ ఆఫీసుకి చేర్చి కిరాయి మేమే కడతాం. షెడ్ల వాళ్లు డబ్బు చేతిలో పెట్టి సరుకు బండి మీద వేసుకుపోతారు. తేడా అందుకే. విడమరిచి చెబితే ఒప్పుకున్నారు కానీ ఆ సాయంత్రమే సైటు మూయించేశాను. నాన్నకి ఇప్పటికీ ఈ సంగతి చెప్పలేదు.

మా రేట్లు ఎలా ఉంటాయో చెబితేనే మీకు నా తిప్పలు అర్థమవుతాయి. నాన్నది ఎర్ర అట్ట పొడుగు పుస్తకం ఒకటుంది. పేజీకో పార్టీ. సైజు, పక్కన రేటు, దాని పక్కన సన్నని అక్షరాలతో మేం కొన్న ధర. కొన్న ధర అంకెల్లో ఉండదు. పది అక్షరాల మాట ఒకటి పెట్టుకున్నారు నాన్న. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, అలా చివరి అక్షరం సున్నా. బేరమాడే మనిషి పుస్తకంలోకి తొంగి చూసినా ఏమీ తెలియదు. ఆ మాట నాన్నకి, బాబాయ్‌కి, నాకు మాత్రమే తెలుసు. మాకు సరుకు వచ్చే లూథియానా నుంచి రేటు మారిన ప్రతిసారీ పాతది కొట్టేసి పైన కొత్తది రాస్తూ వచ్చారు కాబట్టి ఒక్కో గడిలో నాలుగైదు కొట్టివేతలు ఉన్నాయి. కొన్నిచోట్ల ఏది చివరి రేటో నాన్ననే అడగాలి. ఆయన మాట ఇప్పుడు సరిగా రాదు, వేలితో చూపిస్తారు.

ఇక కొలతలు. అదే బోల్టు షెడ్లకి కిలోల్లో ఇస్తాం, షాపులకి పెట్టెల్లో, ఏరేటర్ల వాళ్లకి స్టెయిన్‌లెస్‌వి లెక్కపెట్టి ఇస్తాం. ఎం12 బై 50 కాటాలో వేస్తే కిలోకి పదహారో పదిహేడో తూగుతాయి. చిన్న ఎం6 బై 16 అయితే నూటయాభై దాటతాయి. స్టాకు మాత్రం ఒకటే, అందులోంచే మూడు రకాలుగా తగ్గాలి.

పేర్లతో ఇంకో తలనొప్పి. పాత మేస్త్రీలు "నాలుగు నూళ్ల బోల్టు" అంటారు, అంటే అర అంగుళం. తెలంగాణ వైపు అదే "చార్ సూత్". మెకానిక్కులు "పంతొమ్మిది పానా బోల్టు" అంటారు, అది ఎం12. అర అంగుళం, ఎం12 చేతిలో పట్టుకుంటే ఒకేలా ఉంటాయి. కానీ మరలు వేరు. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. తప్పు వెళ్తే బస్తా తిరిగొస్తుంది, రానూపోనూ కిరాయి మాకే పడుతుంది.

షాపిఫై, వూకామర్స్, ఓడూ, ఈఆర్‌పీనెక్స్ట్, జోహో లాంటి ఆన్‌లైన్ అమ్మకాల, లెక్కల సాఫ్ట్‌వేర్లు అన్నిటి డెమోలూ చూశాను. ఒకాయన అడోబ్ కామర్స్ తీసుకోమన్నారు, ఖర్చు విని అక్కడే ఆగిపోయాను. ఇండియామార్ట్‌లో మా పేరు ఉంది. కొత్తవాళ్ల ఎంక్వయిరీలు వస్తాయి, అది వేరే పని. మొదట్లో రెండు లక్షలు, ఆపైన నెలకి ఏడెనిమిది వేలు పెట్టగలం. వాడి చూసినవాళ్లు చెప్పండి. ఈసారి తప్పు చేయలేను.

రాణిగంజ్_పంపులు

చెల్లెమ్మా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మాది పంపులు, వాల్వుల దుకాణం. మూడేళ్లుగా వూకామర్స్ మీద నడుస్తోంది కాబట్టి నాకు తెలిసింది చెబుతా.

వూకామర్స్ ఫ్రీయే, వర్డ్‌ప్రెస్‌లో పెట్టుకోవచ్చు. మన పనికి దాని మీద బీటూబీ ప్లగిన్ (హోల్‌సేల్ అమ్మకాలకి తగిలించుకునే అదనపు సాఫ్ట్‌వేర్) ఒకటి కొనాలి. అది పెడితే లాగిన్ కానివాళ్లకి రేటు కనబడదు, "ధర కోసం లాగిన్ అవ్వండి" అని వస్తుంది. గుడివాడ పెద్దాయన ఫోన్ లాంటిది అక్కడితో రాకుండా పోతుంది. నేను మొదట్లో చేసిన తప్పు మీరు చేయొద్దు. పార్టీకో గ్రూపు అని 140 గ్రూపులు కట్టాను. సైటు తెరుచుకోవడానికే అర నిమిషం పట్టేది. తర్వాత కూర్చుని చూస్తే నిజానికి మావి అయిదే రేట్లు, వాటి మీద కొందరికి కొన్ని సైజుల్లో తేడా, అంతే. అయిదు గ్రూపులు పెట్టి, ఆ తేడాలు విడిగా రాశాం. మీ ఎర్ర పుస్తకంలో కూడా అంతే ఉంటుంది, చూడండి.

స్టాకు సంగతి జాగ్రత్త. ట్యాలీలో ఒక లెక్క, సైటులో ఒక లెక్క ఉంటే ఎప్పుడో ఒకరోజు దొరికిపోతాం. ఒక శనివారం 40 గేట్ వాల్వులు సైటులో ఒకరికి, కౌంటర్లో ఒకరికి అమ్మేశాం. ఉన్నవి ఆ నలభయ్యే. సోమవారం నేనే బండేసుకుని కుషాయిగూడ పోయి వేరే దుకాణంలో ఎక్కువ రేటుకి కొని ఇచ్చా. ఆనాటి నుంచి సైటులో అంకె చూపించడం లేదు. "ఉంది" లేదా "అడగండి" అని రెండే మాటలు. దానితో కొనేవాళ్లకి ఏ ఇబ్బందీ రాలేదు.

అప్‌డేట్లు వస్తే నడిచే సైటు మీద ఎప్పుడూ నొక్కొద్దు. కాపీ సైటు ఒకటి పెట్టుకుని ముందు దాని మీద చూసుకోవాలి. మాకు ఒకసారి అప్‌డేట్ తర్వాత రేట్ల ప్లగిన్ ఆగిపోయి, మధ్యాహ్నం దాకా అందరికీ రిటైల్ రేటు కనబడింది. నెలకి ఒక పూట వచ్చి చూసే మనిషిని పెట్టుకోండి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

షాపిఫై మంచిదే. కంపెనీ ఖాతాలు, పార్టీలవారీ క్యాటలాగులు, అరువు గడువులు అన్నీ ఉన్నాయి. కానీ 2022లో అవి తెచ్చినప్పుడు పెద్ద ప్లస్ ప్లాన్ వాళ్లకే ఇచ్చారు. దాని ఖర్చు నెలకి రెండు వేల డాలర్ల పైమాట. ఏ ప్లాన్‌లో ఏముందో వాళ్ల పేజీలో సొంతంగా చదివి తర్వాతే డబ్బు కట్టండి, అమ్మే ఏజెంటు మాట మీద కట్టకండి.

తిరువూరు_హార్డ్‌వేర్

నేను అమ్మేవాణ్ణి కాదమ్మా, మీలాంటి వాళ్ల దగ్గర కొనేవాణ్ణి. పెయింట్లకి, పైపులకి నలుగురు హోల్‌సేలర్లు తలా ఒక యాప్ ఇచ్చారు. అందులో వాడేది ఒకటే. మిగతా మూడూ ఎందుకు వాడటం లేదో చెబుతాను, మీకు పనికొస్తుంది.

ఒకదానికి పాస్‌వర్డ్ కావాలి. అందులో పెద్ద అక్షరం ఉండాలంట, గుర్తు ఉండాలంట. మూడుసార్లు మర్చిపోయి వదిలేశాను. రెండోది ఆర్డర్ పెట్టగానే డబ్బు కట్టమంటుంది. ఇరవై ఏళ్లుగా నెల అరువు మీద తెచ్చుకునేవాణ్ణి ఇప్పుడు ముందే కట్టమంటే నన్ను నమ్మనట్టే కదా. మూడోది పది రకాలు పెడితే ఒక్కటి స్టాకు లేకపోయినా మొత్తం ఆర్డర్ ఆపేస్తుంది. నాకు తొమ్మిది రకాలూ రేపటి ఆర్టీసీ కార్గోలో రావాలి, పదోది తర్వాత వచ్చినా ఫర్వాలేదు. ఆ పదోది బాకీ ఉన్నట్టు లిస్టులో కనబడితే చాలు.

వాడే యాప్‌లో ఏముందంటే, ఫోన్ నంబర్ కొడితే ఓటీపీ వస్తుంది, లోపలికి వెళ్లగానే పైన నా బాకీ ఎంతో, ఎన్ని రోజులైందో ఉంటుంది. కింద పోయినసారి తెచ్చుకున్న లిస్టు. దాంట్లో అంకెలు మార్చి పంపేస్తాను. అయిదు నిమిషాల పని. రాత్రి తొమ్మిదిన్నరకి అన్నం తింటూ చేసేస్తాను. బిల్లు పీడీఎఫ్, లారీ రసీదు ఫోటో కూడా అందులోనే పడతాయి. మా ఆడిటర్ బిల్లు అడిగితే వెతుక్కోకుండా అక్కడినుంచే పంపిస్తాను.

ఇంకొక్క మాట. యాప్ ఇచ్చాక ఫోన్ ఎత్తడం మానేయకండి. కొత్త సైజు ఏదైనా వస్తే నేను బోల్టు చేతిలో పట్టుకుని మీకు ఫోన్ చేసి అడుగుతాను. అది ఏ యాపూ చెప్పలేదు.

ఆటోనగర్_బోల్ట్స్

అన్నా, రాణిగంజ్ అన్నకీ మీకూ చాలా థ్యాంక్స్. బాకీ పైన కనబడాలన్నది నాకు తట్టనే లేదు. బాకీ చూపిస్తే పార్టీలు నొచ్చుకుంటారేమో అనుకుంటూ ఉన్నాను. మీరే అడుగుతున్నారు. రాణిగంజ్ అన్న చెప్పినట్టు ఎర్ర పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటాను.

గుంటూరు_పద్దులు

అకౌంటెంటుని. ప్లాట్‌ఫామ్ ఏదైనా ఈ విషయాలు డెమోలోనే అడిగి, మీ ముందు చేసి చూపించమనండి.

మీకు కోదాడ, ఖమ్మం పార్టీలు ఉన్నారన్నారు. వాళ్లది తెలంగాణ కాబట్టి జీఎస్టీ నంబర్ 36తో మొదలవుతుంది, మన ఆంధ్రాది 37తో. సరుకు మన రాష్ట్రంలోనే గుడివాడ వెళ్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం వాటా, రాష్ట్రం వాటా) చెరో 9 శాతం, రాష్ట్రం దాటి కోదాడ వెళ్తే ఐజీఎస్టీ 18 శాతం పడాలి. పార్టీ ఖాతాలో ఉన్న రాష్ట్రం చూసి సాఫ్ట్‌వేర్ దానంతట అదే వేయాలి. విదేశీ సాఫ్ట్‌వేర్లలో ఇది సెట్టింగులు పెట్టుకుంటే గానీ రాదు. రేట్లు పన్ను లేకుండా చూపించి, పన్ను కింద విడిగా చూపించాలి. మీ పార్టీలు పన్ను వెనక్కి తీసుకునేవాళ్లు, వాళ్లు పోల్చుకునేది పన్ను లేని రేటే.

బోల్టులది హెచ్‌ఎస్‌ఎన్ (పన్ను కోసం సరుకు రకానికి ఇచ్చే నంబర్) 7318, పన్ను 18 శాతం. 2025 సెప్టెంబర్ 22న 12, 28 శాతం శ్లాబులు తీసేసినప్పుడు బోల్టుల వాళ్లకి ఏమీ మారలేదు కానీ, నా దగ్గర లెక్కలు రాయించుకునే ఆటో విడిభాగాల షాపు వాళ్లు ఆ వారం నిద్రపోలేదు. వాళ్ల సైటులో పన్ను ఒక్కో వస్తువుకి విడివిడిగా రాసి ఉంది. రెండు వేల వస్తువులు చేత్తో మార్చారు. హెచ్‌ఎస్‌ఎన్‌కి ఒకసారి రాస్తే దాని కింద వస్తువులన్నిటికీ మారేలా ఉండాలి.

ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకి తప్పనిసరి. 2017-18 నుంచి ఏ ఒక్క సంవత్సరం దాటినా వర్తిస్తుంది, ఈ ఏడు తగ్గిందని ఊరుకోకూడదు. సరుకు విలువ 50 వేలు దాటితే రవాణాకి ఈ-వే బిల్లు కావాలి. మీది హోల్‌సేల్ కాబట్టి మీకు ఇది తరచూ తగులుతుంది. ఈ రెండూ ట్యాలీ నుంచే చేసుకోవచ్చు. అందుకే నా సలహా ఏమిటంటే, సైటు ఆర్డర్ తీసుకోవడం వరకే ఉండాలి, బిల్లు ట్యాలీలోనే పుట్టాలి. బిల్లు నంబర్లు రెండు చోట్ల పుడితే రిటర్నుల్లో నరకం చూస్తారు.

సొంత సైటులో సొంత సరుకు అమ్మితే టీసీఎస్ (అమ్మకం డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) బెడద ఉండదు. వేరేవాళ్ల మార్కెట్‌ప్లేస్ ద్వారా అమ్మితే వాళ్లు జీఎస్టీ టీసీఎస్ అర శాతం పట్టుకుంటారు. 2024 జూలైకి ముందు అది ఒక శాతం. ఆ డబ్బు తర్వాత మన లెక్కలోకి వస్తుంది కానీ కొన్నాళ్లు ఇరుక్కుంటుంది. డబ్బు వసూలుకి కార్డులు పెట్టొద్దు, రెండు శాతం దాకా పోతే మీ వ్యాపారంలో మిగిలేది ఏముంటుంది? చిన్నవి యూపీఐ, పెద్దవి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్.

ఒహాయో_మెకానికల్

నేను ఇక్కడ అమెరికాలో ప్యాకింగ్ మెషీన్లు చేసే కంపెనీలో డిజైన్ ఇంజినీర్‌ని. బోల్టులు అమ్మను కానీ రోజూ కొంటాను, అందుకే రాస్తున్నాను. ఇక్కడ మెక్‌మాస్టర్-కార్ అని 1901 నాటి కంపెనీ ఉంది. వాళ్ల సైటులో ఏడు లక్షలకు పైగా వస్తువులు ఉంటాయి. అయినా నాకు కావలసిన బోల్టు అర నిమిషంలో దొరుకుతుంది. ఫోటోల వరసలు ఉండవు. ఎడమ పక్కన మర సైజు, పొడవు, లోహం, గ్రేడు, తల ఆకారం ఉంటాయి. ఒక్కోటి నొక్కుతుంటే లిస్టు తగ్గుతూ వస్తుంది. చివరికి ఒక పట్టికలో పొడవుల వరస, రేట్ల వరస.

అక్కా, మీరు కూడా వస్తువు పేరు "హెక్స్ బోల్ట్ ఎం12 బై 50 8.8 జింక్" అని ఒకే ముక్కలా రాయకండి. మర ఒక గడి, పొడవు ఒక గడి, గ్రేడు ఒక గడి, పూత ఒక గడి, లోహం ఒక గడి. ఏరేటర్ల వాళ్లకి 304, 316 అనే స్టెయిన్‌లెస్ రకాల తేడా విడిగా కనబడాలి, ఉప్పు నీటి చెరువుల్లో అదే ముఖ్యం. ఇలా గడులుగా ఉంటే రేపు ఏ ప్లాట్‌ఫామ్‌కి మారినా ఎక్సెల్ ఫైలు ఎత్తుకుని వెళ్లిపోవచ్చు. "నాలుగు నూళ్లు", "చార్ సూత్", "పంతొమ్మిది పానా" లాంటి పేర్లకి ఇంకో గడి పెట్టి సెర్చ్‌లో దొరికేలా చేయించండి. వూకామర్స్‌లోనూ, ఈఆర్‌పీనెక్స్ట్‌లోనూ ఇది చేయించుకోవచ్చు.

ఆటోనగర్_బోల్ట్స్

ఏడు వారాలైంది. ఏం చేశామో చెప్పకుండా ఊరుకోవడం బాగుండదు కదా, అందుకే రాస్తున్నాను.

మొదటి మూడు వారాలు ఏ ప్లాట్‌ఫామూ ముట్టుకోలేదు. రోజూ సాయంత్రం ఇంట్లో నాన్న మంచం పక్కన కూర్చుని ఎర్ర పుస్తకం పేజీ పేజీ ఎక్సెల్‌లో ఎక్కించాను. రాణిగంజ్ అన్న చెప్పింది నిజం. 260 మందికీ కలిపి తేలింది అయిదు రకాల రేట్లే. డబ్బిచ్చి పట్టుకుపోయేవాళ్లు, 30 రోజులు, 60 రోజులు, కిరాయి మేం కట్టేవాళ్లు, స్టెయిన్‌లెస్ మాత్రమే కొనేవాళ్లు. వీటికి లొంగని పార్టీలు 31 మంది. ఆ 31లో చాలావరకు నాన్న స్నేహితులు, లేదా కష్టకాలంలో మాకు ముందే డబ్బిచ్చి సరుకు ఎత్తినవాళ్లు. వాళ్ల పేర్లు వచ్చినప్పుడల్లా నాన్న వేలితో పేజీ మీద రెండుసార్లు తట్టేవారు, మార్చొద్దని. మార్చలేదు. ఆ కూర్చున్న రోజుల్లోనే నిరుడు సైటు సంగతి కూడా ఆయనకి చెప్పేశాను.

ట్యాలీలో ప్రైస్ లెవెల్స్ అని ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. బాబాయ్‌కి తెలుసు, వాడే అవసరం రాలేదట, రేట్లన్నీ నాన్న నోట్లో ఉండేవి కాబట్టి. అయిదు రేట్లూ అక్కడ పెట్టాం. కిలోలకీ పీసులకీ ఆల్టర్నేట్ యూనిట్ కూడా ఉంది. దానికోసం కుర్రాళ్లు ఒక ఆదివారం గోడౌన్‌లో కాటా పెట్టుకుని, కదిలే సైజులన్నీ కిలోకి ఎన్ని తూగుతాయో లెక్కపెట్టారు. ఒకే సైజు రెండు కంపెనీలవి తూస్తే ఒకటి రెండు పీసులు తేడా వచ్చింది. అందుకే పెట్టెల్లో కొనేవాళ్లకి పీసుల లెక్కే ఖాయం చేశాం. వస్తువుల లిస్టులో ఒకే బోల్టు రెండు మూడు పేర్లతో ఉన్నవి కలిపేస్తే 4,300 ఉన్నవి 2,900 అయ్యాయి.

తర్వాత ఈఆర్‌పీనెక్స్ట్ రెండు వారాలు వాడి చూశాం. నిజం చెప్పాలంటే నాకు అదే నచ్చింది. పార్టీలవారీ రేట్లు, కొలతలు, బాకీ పరిమితి అన్నీ లోపలే ఉన్నాయి. జీఎస్టీకి ఇండియా కంప్లయన్స్ అని ఉచిత యాప్ ఉంది, ఈ-ఇన్వాయిస్, ఈ-వే బిల్లు దాంట్లోనే వస్తాయి. కానీ పద్దులు కూడా అందులోకి మార్చాలి, లేకపోతే రెండు చోట్ల రాయాలి. బాబాయ్ మూడు సాయంత్రాలు కూర్చున్నారు. నాలుగో రోజు "నువ్వు మార్చమంటే మారుస్తానమ్మా, కానీ తప్పు వస్తే నాకు తెలియదు" అన్నారు. ఇరవై రెండేళ్లుగా ఒక్క రిటర్ను కూడా ఆలస్యం చేయని మనిషి ఆయన. ఆయనకి తెలియని చోట ఆయన్ని కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

అందుకని వూకామర్స్, బీటూబీ ప్లగిన్. బిల్లు ట్యాలీలోనే, గుంటూరు గారు చెప్పినట్టు. రాత్రి ట్యాలీ నుంచి రేట్ల ఫైలు సైటుకి వెళ్తుంది. పొద్దున సైటు నుంచి ఆర్డర్ల ఎక్సెల్ ట్యాలీలోకి వస్తుంది. ట్యాలీప్రైమ్ 4.0 నుంచి ఎక్సెల్ నేరుగా తీసుకుంటుంది కాబట్టి దీనికి వేరే సాఫ్ట్‌వేర్ కొనలేదు. స్టాకు "ఉంది", "అడగండి" మాత్రమే. ఆలస్యమైంది ఎక్కడంటే ఓటీపీ దగ్గర. ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం కంపెనీల దగ్గర డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ చేయించి, మెసేజ్ నమూనా కూడా ముందే ఆమోదం తీసుకోవాలి. మీరు మొదలుపెడితే ఆ పని మొదటి రోజే పెట్టుకోండి. ఖర్చు ఇప్పటికి లక్షా నలభై వేలు అయింది.

పది పార్టీలతో మొదలుపెట్టాం. మొదటి లాగిన్ గుడివాడ పెద్దాయనకి ఇవ్వాలని నేనే బస్సెక్కి వెళ్లాను. ఆయన షాపు గల్లా దగ్గర నిలబడి, ఆయన ఫోన్‌లోనే తెరిచి చూపించాను. కళ్లజోడు సర్దుకుని ఎం12 బై 50 దగ్గరికి వెళ్లారు. 118 ఉంది. దాని కింద "60 రోజులు, కిరాయి మాది" అని చిన్నగా రాయించాను. ఆ వాక్యం వేలితో చూపించి, "ఇది ముందే రాయాల్సిందమ్మా" అన్నారు. తర్వాత అక్షరాలు చిన్నగా ఉన్నాయన్నారు. మర్నాడే పెద్దవి చేయించాం.

అర అంగుళం తెరిస్తే పైన ఎర్ర అక్షరాల్లో "ఇది ఎం12 కాదు, ఎం12 నట్టు దీనికి ఎక్కదు" అని వస్తుంది. ఎం12 దగ్గర కూడా అలాగే. ఇది పెట్టాక ఈ పది మంది దగ్గర నుంచి ఒక్క బస్తా కూడా తిరిగి రాలేదు. పొరపాటు మాత్రం ఒకటి జరిగింది. నూజివీడు షాపు వాళ్లు 50 పీసులు అనుకుని 50 కిలోలు పెట్టారు. మా కుర్రాడు అనుమానం వచ్చి ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఆ పార్టీ ఎప్పుడూ కొనే కొలతే ముందుగా పడేలా పెట్టించాం. మామూలుగా కొనేదానికి మూడు రెట్లు దాటితే "కిలోలా, పీసులా" అని అడుగుతుంది.

రాత్రి ఆర్డర్ పెట్టాక పొద్దున లూథియానా నుంచి రేటు పెరిగితే ఎలా అని బాబాయ్‌కి టెన్షన్ పట్టుకుంది. ఆర్డర్ పెట్టిన రేటే ఇవ్వాలని తేల్చాం. పెరిగిన రేటు మర్నాటి ఆర్డర్ల నుంచి.

పది మందిలో తొమ్మిది మంది ఇప్పుడు రాత్రిపూట వాళ్లే పెట్టుకుంటున్నారు. పదో ఆయన కైకలూరు ఏరేటర్ల మేస్త్రీ, ఇంకా వాయిస్ మెసేజే పెడతారు, వెనక నీళ్ల చప్పుడుతో సహా. ఆయన మెసేజ్ విని, ఆయన లాగిన్‌లోనే మా కుర్రాడు ఆర్డర్ ఎక్కిస్తున్నాడు. బిల్లు, లారీ రసీదు మాత్రం ఆయన ఫోన్‌కే వెళ్తున్నాయి. వచ్చే వారం ఇంకో ముప్పై మందికి లాగిన్లు ఇస్తున్నాం, ముందు ఆ 31 మందిలో నుంచి.